గుంటలు లేని ఊరు

మా రేవుపాలేనికి మొదట వరద వచ్చింది. తర్వాత అధికారులు వచ్చారు. వరద మూడు రోజుల్లో పోయింది.

రెండింటిలో ఏది ఎక్కువ నష్టం చేసిందో తేల్చడానికి నేనెంతవాణ్ణి? చేనేత సహకార సంఘంలో గుమాస్తాను. ఊరందరికీ అర్జీలు రాసిపెడుతుంటాను. నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని పదిమందీ అంటారు, నేనూ కాదనను. జరిగినదాంట్లో నా ముత్యాలకూ వాటా ఉంది కాబట్టి ఎవరి మీదా కోపం పెట్టుకోకుండా ఉన్నదున్నట్టు చెబుతాను.

మాది నలభై రెండు మగ్గాల ఊరు. అన్నీ గుంట మగ్గాలే. ఇంట్లో మగ్గం కింద రెండున్నర అడుగుల లోతు గుంట ఉంటుంది. నేతగాడు దాని అంచున కూర్చుని కాళ్ళు లోపలికి వదులుతాడు. అడుగున తొక్కుడు చెక్కలుంటాయి. కాళ్ళు వాటిని తొక్కితే పడుగు దారాలు పైకీ కిందికీ విడిపోతాయి, ఆ సందులోంచి చెయ్యి నాడెను విసురుతుంది. కాళ్ళు ఆగితే చెయ్యి ఆగిపోతుంది. ఈ సంగతి విడమరిచి చెప్పాల్సిన మనుషులు కూడా లోకంలో ఉంటారని అప్పటికి నాకు తెలియదు. మా ఊళ్ళో పాకే పిల్లలకు కూడా తెలుసు.

ఏరు పొంగి ఇళ్ళలోకి వచ్చింది. పోతూ పోతూ ప్రతి గుంటనూ ఒండ్రుమట్టితో నింపి, పైన అలికినట్టు చదును చేసి మరీ పోయింది. గోడలు నిలిచాయి, కప్పులు నిలిచాయి, మగ్గాల పైకొయ్యలూ నిలిచాయి. నీళ్ళు తీసిన మర్నాడే మగవాళ్ళు పారలు పట్టుకున్నారు. నేనే అడ్డం పడ్డాను.

"ఆగండాగండి. నష్టం రాసుకునేదాకా ఎవరూ మట్టి ముట్టుకోవద్దు. నేను అర్జీ పెడతాను" అన్నాను.

చదువుకున్నవాణ్ణి కదా, విన్నారు. అర్జీ ఇలా రాశాను: "మా గ్రామమందలి ఇళ్ళలోని నలభై రెండు గుంటలునూ ఇటీవలి వరదల మూలముగా సంపూర్ణముగా పూడిపోయినవి. తమరు దయతో విచారించి తగు చర్య గైకొన ప్రార్థన." అంతకు మించి ఏం రాయాలి? గుంటలు పూడిపోయాయంటే ఊరు పస్తులున్నట్టేనని ఎవరికైనా తెలుస్తుందనుకున్నాను.

వారం తిరక్కుండా విపత్తు అనంతర జీవనోపాధుల పునరుద్ధరణ ప్రత్యేకాధికారి గారు స్వయంగా దిగారు. జీపు దిగుతూనే నాతో కరచాలనం చేశారు.

"మీ లేఖ అందింది. మా కార్యాలయం యావత్తూ హర్షం వ్యక్తం చేసింది" అన్నారు.

నాకు అర్థం కాకపోయినా నమస్కారం పెట్టి, వీధి మొదట్లో ఉన్న మా బావగారింటికి తీసుకెళ్ళాను. బావగారి పేరు మార్కండేయులు. అరవై మూడేళ్ళ మనిషి, పన్నెండో ఏట మగ్గమెక్కాడు. ఆయన భార్య భద్రావతి మా పెదనాన్న కూతురు, నాకు అక్క. ఇద్దరూ ఖాళీ మగ్గం పక్కన నిలబడి ఉన్నారు.

"నష్టం ఎక్కడ?" అన్నారు ప్రత్యేకాధికారి గారు.

"తవరు నిలబడ్డ కాడేనండీ" అన్నాడు బావగారు.

ఆయన ఓ అడుగు వెనక్కి వేసి కిందికి చూశారు. "ఇది నేల కదా?"

"అదే గదండీ నట్టం. అక్కడ గుంట ఉండాల."

ప్రత్యేకాధికారి గారు చిరునవ్వు నవ్వారు. అజ్ఞానుల మీద ఆయనకు దయ ఎక్కువ. "చూడండి పెద్దాయనా. గుంట అనేది ఆస్తి కాదు. ఆస్తి ఏమీ లేని చోటును గుంట అంటారు. లేనిది పోయిందని నేను ఏ గడిలో రాయాలి? నా పత్రంలో గోడ ఉంది, కప్పు ఉంది, పశువు ఉంది, వంటపాత్ర ఉంది. మీకు ఉన్నవేవీ పోలేదు. పైగా మట్టి వచ్చింది."

"దాని అడుగున తొక్కుడు చెక్కలున్నయ్యండీ" అంది అక్కయ్య.

"చూపించండి, రాసుకుంటాను."

"మట్టి తీత్తే కనపడతయ్యి."

"మట్టి తీయరాదు. క్షేత్రస్థాయి యథాతథ స్థితికి భంగం కలిగితే నష్టం చెల్లదు."

"మరి కాళ్ళు యాడ పెట్టుకోవాలండీ ఆయన?"

"కాళ్ళా?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "మీది చేనేత కదమ్మా! చేతులు క్షేమంగా ఉన్నాయి. శాఖ పేరులోనే చెయ్యి ఉంది. కాలి ప్రస్తావన ఏ ఉత్తర్వులోనూ నేను చూడలేదు."

పోతూ పోతూ అసలు శుభవార్త చెప్పారు. వరదల తర్వాత నీళ్ళు నిలిచి దోమలు పెరుగుతాయని ప్రభుత్వం 'గుంటల రహిత గ్రామం' పోటీ పెట్టిందట. మిగతా ఊళ్ళు ట్రాక్టర్లతో మట్టి తోలి నానా తంటాలు పడుతుంటే, మా ఊరు ఒక్క రోజులో, ఒక్క ట్రాక్టర్ లేకుండా, నలభై రెండు గుంటలు పూడ్చి లిఖితపూర్వకంగా తెలియజేసిందట. జిల్లాలో మేమే మొదటివాళ్ళం. సాక్ష్యం నా అర్జీ. దస్తూరీ కూడా బాగుందన్నారు.

మూడో రోజు ఊరి మొదట్లో బోర్డు పాతారు. దానికి గుంట తవ్వాల్సి వచ్చింది గాని, అది ప్రభుత్వ గుంట. బోర్డు కింద చిన్న అక్షరాల్లో ఇలా ఉంది: "రాష్ట్రస్థాయి పరిశీలన బృందం వచ్చి ధ్రువీకరించు పర్యంతం గ్రామ పరిధిలో, ఇంటి లోపల గాని బయట గాని, అడుగుకు మించి లోతు తవ్వువారు శిక్షార్హులు."

నేను రెండో అర్జీ రాశాను. ఈసారి మగ్గం బొమ్మ గీసి, గుంట గీసి, గుంటలో కాళ్ళు కూడా గీశాను. "పాత గుంటలను తిరిగి తెరవాలన్న మీ అభ్యర్థన పోటీ స్ఫూర్తికి విరుద్ధం. చిత్రలేఖనం బాగున్నది" అని జవాబు వచ్చింది. మూడో అర్జీలో గుంట మాటెత్తకుండా, ఇళ్ళలో చేరిన మట్టి తీసుకోనివ్వండని మాత్రమే అడిగాను. సదరు మట్టి ఏటి నుంచి వచ్చినందున అది ఏటి శాఖవారి సొత్తనీ, దాన్ని కదిలించడానికి ఆ శాఖ అనుమతి కావాలనీ రాశారు. ఏటి శాఖవారేమో ఏటిలో ఉన్నంతవరకే అది తమ మట్టి అనీ, ఇంట్లోకి వచ్చాక విపత్తు శాఖవారిదనీ రాశారు. రోలు వెళ్ళి మద్దెలతో మొర పెట్టుకోవడం వినడమే గాని, ఆ రెంటి మధ్య తిరగడం నాకు అదే మొదలు.

ఇంతలో పైవారికి ఒక అనుమానం వచ్చింది. ఈ ఊళ్ళో నష్టం సున్నా, మగ్గాలు క్షేమం, చేతులు క్షేమం, అయినా నేత ఎందుకు సాగడం లేదు? ఆలోచించి కారణం కనిపెట్టారు. మా వాళ్ళకు ఉత్సాహం చాలడం లేదు. వెంటనే 'విషాదం నుంచి వికాసానికి' అని మూడు రోజుల శిక్షణ పెట్టారు. మొదటి రోజు అందరినీ కళ్ళు మూసుకుని తాము సంతోషంగా నేస్తున్నట్టు ఊహించుకోమన్నారు. ఊహలో ఎవరి కాళ్ళు ఎక్కడున్నాయో ఎవరూ అడగలేదు. రెండో రోజు ఇంటికో ప్లాస్టిక్ కుర్చీ ఇచ్చారు.

"నేల మీద కూర్చోవడం వెనకబాటుతనానికి చిహ్నం. ఇకపై మీరు అధికారుల వలె కుర్చీలో కూర్చుని నేయాలి" అన్నారు ప్రత్యేకాధికారి గారు.

మూడో రోజు మా బావగారింట్లోనే ప్రదర్శన. ఆయన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పడుగు ఆయన పిక్కల ఎత్తున ఉంది. వంగి వంగి, మోకాళ్ళ మధ్య తల పెట్టి నాడెను విసిరాడు. తొక్కడానికి చెక్కల్లేవు కాబట్టి దారాలు విడిపోలేదు, నాడె వాటి మీదుగా జారి దూసుకుపోయి గూట్లో ఉన్న కుంకుమ భరిణెకు తగిలింది.

"పరికరం వేగం గణనీయంగా పెరిగింది" అని ప్రత్యేకాధికారి గారు రాసుకున్నారు. శిక్షణ నూటికి తొంభై ఆరు పాళ్ళు విజయవంతమైందని నివేదిక వెళ్ళింది. మిగతా నాలుగు పాళ్ళూ భరిణె అయి ఉండాలి.

ఇక్కడిదాకా నాకూ నవ్వొచ్చింది. తర్వాత రాలేదు. పని లేని ఇళ్ళు ఒక్కొక్కటే తాళాలు పడ్డాయి. నెల గడిచేసరికి పదకొండు కుటుంబాలు పట్నం వెళ్ళిపోయాయి. ఒకళ్ళు హోటల్లో గిన్నెలు తోముతున్నారని, ఒకళ్ళు గోడౌన్‌లో మూటలు మోస్తున్నారని కబుర్లు వచ్చేవి. బావగారు ఎక్కడికీ వెళ్ళలేదు. ఆ ప్లాస్టిక్ కుర్చీలో మగ్గం ముందు కూర్చుని నేల వంక చూస్తుండేవాడు. మనిషి ఖాళీగా ఉన్నా పాదాలు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి నేలను నొక్కుతుండేవి. ఆ సంగతి ఆయనకు తెలియదు. నేను చూడలేక తల తిప్పుకునేవాణ్ణి. అర్జీ రాసిన చెయ్యి నాదే కదా.

ఒక గురువారం పొద్దున్నే అక్కయ్య మా ఇంటికొచ్చింది.

"ఒరే లింగం, నీ చేతిరాత తగలెయ్య. మీ బావ రేపు హైదరాబాదు బస్సెక్కుతున్నాడు. ఎవురిదో అపార్ట్‌మెంటంట, గేటు కాడ కూచోవాలంట. వచ్చే కార్లకి లేచి సలాం కొట్టాలంట. మన మేనల్లుడు కుదిర్చాడు."

"బావగారు ఒప్పుకున్నాడా?"

"ఆయన ఒప్పుకోడమేంది, నోరు తెరిచి మాట్టాడి పది రోజులైంది. యాభై ఏళ్ళు నేసిన మనిషిరా! రేపు బస్సెక్కాడంటే మళ్ళీ ఈ గడపలోకి రాడు, నాకు తెలుసు. నువ్వు నాలుగో అర్జీ రాత్తావా, నన్నో పని చెయ్యనిత్తావా?"

"ఏం పని?"

"మీ ఇంట్లో పార యాడుంది?"

"అక్కయ్యా, బోర్డు మీద శిక్షార్హులని రాసి..."

"నా ఇంట్లో నా మొగుడు కాళ్ళు పెట్టుకునే చోటు తవ్వుకుంటే శిచ్చేందిరా? తిన్నగా పార తే."

తెచ్చాను. నేనే ఆపిన పని, నేనే మొదలుపెట్టాను. చీర చెంగు బిగించి ఆవిడ గంపలు ఎత్తింది. ఏటి శాఖకూ విపత్తు శాఖకూ చెందని ఆ మట్టిని తీసుకెళ్ళి పెరట్లో బీరపాదుకు పోసింది. గంటన్నరకు తొక్కుడు చెక్కలు బయటపడ్డాయి. వాటిని కడిగి, తెగిన తాళ్ళు మార్చి కట్టాం. బావగారు కుర్చీలోంచి లేచి వచ్చాడు. ఆ తడి గుంటలోకే కాళ్ళు దించాడు. రెండుసార్లు తొక్కి చూశాడు. నాడె ఇటు నుంచి అటు వెళ్ళింది, అటు నుంచి ఇటు వచ్చింది. అక్కయ్య గోడకు ఆనుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

మగ్గం చప్పుడు వీధికి వినిపించింది. మధ్యాహ్నానికి ప్రతి ఇంట్లోనూ పార పడింది. పట్నం వెళ్ళినవాళ్ళకు ఫోన్లు వెళ్ళాయి. పదకొండులో తొమ్మిది కుటుంబాలు తిరిగొచ్చాయి. రెండు రాలేదు, ఆ తాళాలు ఇప్పటికీ ఉన్నాయి. బస్సు మా బావగారు లేకుండానే వెళ్ళింది. ఊరి మొదట్లో బోర్డు బోర్డులాగే ఉంది.

పదిహేను రోజులకు పరిశీలన బృందం వచ్చింది. వస్తున్నట్టు ముందుగా చెప్పలేదు. జీపులు ఏటిగట్టు దిగాక ఎవరో ఫోన్ చేశారు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. నలభై గుంటలు పది నిమిషాల్లో పూడ్చాలంటే మళ్ళీ ఏరే రావాలి.

అక్కయ్య మాత్రం వీధిలోకొచ్చి ఒకటే కేక వేసింది. "అందరూ మగ్గాల్లో కూచోండి! నేత్తానే ఉండండి! ఎవరొచ్చి ఏం చెప్పినా లేవమాకండి!"

"అక్కయ్యా, గుంటలు చూస్తే..."

"యాడ చూత్తారురా? మడిసి కూచున్నాక పైన బట్ట ఉంటది, పక్కన పడుగుంటది. గుంటుంటదని తెలిసినోడికి గదా కనపడేది."

ఆవిడ మాట అక్షరాలా నిజమైంది. బృందం నాయకురాలు రాజధాని నుంచి వచ్చిన పెద్దావిడ. మెత్తని మనసు. ప్రత్యేకాధికారి గారు వెంట ఉండి నేల చూపించారు, గోడలు చూపించారు, బోర్డు గురించి చెప్పారు. మా బావగారింట్లోకి రాగానే ఆవిడ ముఖం వెలిగిపోయింది.

"చూశారా, ఎంత చక్కగా నేల మీద కూర్చుని నేస్తున్నారో! ఎక్కడా గుంట అన్నదే లేదు" అన్నారు. వెంట ఉన్నవాళ్ళు రాసుకున్నారు. తర్వాత ఆవిడ సంచిలోంచి శాలువా తీశారు. "పెద్దాయనా, ఒకసారి లేచి నిలబడండి. మీకు ఇది కప్పి ఫొటో తీసుకుంటాం."

బావగారు నాడె ఆపాడు. లేస్తే గుంటలో నిలబడాలి. అరవై మూడేళ్ళ మనిషి మూడడుగుల ఎత్తున తేలితే ఎంత మెత్తని మనసుకైనా అనుమానం వస్తుంది.

"లేవలేనమ్మా" అన్నాడు. ఆయన ఆడిన మాట నిజం.

"ఎందుకని?"

బావగారు నా వంక చూశాడు. ఆ క్షణంలో నా నోటి నుంచి ఏమొచ్చిందో నాకే ఆశ్చర్యం. "వరదలో పోయిందండీ ఆయనకు..." అన్నాను. కాళ్ళు పెట్టుకునే చోటు అని పూర్తి చేద్దామనుకుని భయపడి ఆగిపోయాను. ఆవిడ చూపు ఆయన నడుం దాకా వచ్చి, అక్కడ బట్ట అడ్డం వచ్చి ఆగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. శాలువా కూర్చున్నవాడికే కప్పి, వంగి పాదాలకు దండం పెడదామనుకుని, అవి లేవని గుర్తొచ్చి, మగ్గానికి దండం పెట్టారు.

రెండో ఇంట్లో నేతగాడూ లేవలేదు. మూడో ఇంట్లోనూ లేవలేదు. ఆరో ఇంటి దగ్గర ఆవిడ అడగడం మానేశారు. వీధి చివరకు వచ్చాక వెనక్కి తిరిగారు.

"నలభై రెండు మగ్గాల ఊళ్ళో ఒక్కరికీ కాళ్ళు లేవు. మీ నివేదికలో ఈ ముక్క ఎక్కడా లేదేం?" అని ప్రత్యేకాధికారి గారిని నిలదీశారు.

"మేడమ్, శిక్షణ రోజున ఉన్నాయి. నేను చూశాను" అన్నారాయన.

"అయితే శిక్షణ తర్వాత పోయాయా?"

ప్రత్యేకాధికారి గారు తన నివేదిక కాగితాలు తిరగేశారు. తొంభై ఆరు పాళ్ళు విజయవంతమైన శిక్షణ కళ్ళ ముందు మెదిలినట్టుంది. "లేదు మేడమ్. వరదలోనే పోయి ఉంటాయి. శిక్షణ వల్ల వారు ఆ లోటు తెలియకుండా హుషారుగా ఉన్నారు" అన్నారు.

మాకు బహుమతి వచ్చింది. గుంటల రహిత గ్రామాల్లో రాష్ట్రంలోనే ప్రథమ స్థానం. దాంతోపాటు అడగకుండానే పునరావాసమూ వచ్చింది. నెల తిరక్కముందే లారీలో నలభై రెండు మూడు చక్రాల బళ్ళు దిగాయి. పత్రంలో కాలు అనే గడి కూడా ఉందట, ఇన్నాళ్ళూ మేము వెనక పేజీ చూడలేదు. మా ఊళ్ళో నిజంగా నడవలేనివాడు ఒక్కడే, బడి పక్కన సైకిళ్ళు బాగుచేసే పోతురాజు. బండి కోసం తొమ్మిదేళ్ళుగా తిరుగుతున్నాడు. వాడి అర్జీలన్నీ నేనే రాశాను. నేతగాడు కాదు కాబట్టి వాడి పేరు ఈ జాబితాలోనూ లేదు. తాళం వేసిన ఇళ్ళ బళ్ళలో ఒకటి మేమే తోసుకెళ్ళి వాడికిచ్చాం. వాడు దాన్ని పట్టుకుని ఏడుస్తూ చాలాసేపు ఊరుకోలేదు.

బళ్ళు పంచిన ప్రత్యేకాధికారి గారు వెళ్ళే ముందు ఒక హెచ్చరిక చేశారు. లబ్ధిదారులు ఎవరైనా బహిరంగ ప్రదేశంలో నడుస్తూ కనబడితే బండి వెనక్కి తీసుకోవడమే గాక, ఊరి కేసు మొత్తం తిరగదోడతారట. అంటే మళ్ళీ గుంటల దాకా వస్తారని అర్థం. అప్పటి నుంచి మా మగవాళ్ళు పగలు వీధిలోకి రావడం మానేశారు. బావగారికి పొద్దున్నే సెంటర్ దాకా నడిచి టీ తాగి రావడం యాభై ఏళ్ళ అలవాటు. అదీ పోయింది.

నేను ఆ మాటే అంటే ఆయన తల కూడా ఎత్తలేదు. "నడవడానికేం రా లింగం, నేతకుంటే చాలు గదా కాళ్ళు" అన్నాడు.

బండి వాకిట్లో పెట్టి ఉంది. అక్కయ్య దాని సీటు మీద ఉతికిన నూలు చిలపలు ఆరేస్తోంది. నేను ఇంటికి బయల్దేరబోతూ, సంఘం తరఫున ప్రభుత్వానికి కృతజ్ఞతా పత్రం రాయాలని, ఏం రాయమంటావని ఆవిణ్ణి అడిగాను.

ఆవిడ సీటు మీంచి జారుతున్న చిలప ఒకటి చేతిలోకి తీసుకుంది.

"కాళ్ళు పోయినయ్యంటే నెలలో బండి పంపారు. కాళ్ళు పెట్టుకునే చోటు పోయిందని మూడు అర్జీలు పెడితే ఒక్కడికి బుర్రకెక్కలా. ఏం రాత్తావో నువ్వే రాసుకో."

లోపల మగ్గం ఆగింది. "నూలు అయిపోయిందే!" అని బావగారి కేక వినిపించింది. ఆవిడ చేతిలో ఉన్న చిలప నా చేతికిచ్చి లోపలికి వెళ్ళింది.